‘బందోబస్తు’కు రెండర్థాలు: ఆర్మూరు రైతాంగం, పోలీసు వ్యవస్థ, అవిశ్వాసపు చరిత్ర

తెలుగులో ‘బందోబస్తు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. పారసీకం నుండి వచ్చిన ఈ పదానికి కట్టుదిట్టం, ఏర్పాటు అని మూలార్థం. హైదరాబాదు సంస్థానంలో భూమిని కొలిచి, తరగతులు నిర్ణయించి, శిస్తు ఖరారు చేసే పనిని బందోబస్తు అన్నారు. రైతు ఇవ్వవలసినది ఇంత, అంతకు మించి ఇవ్వనక్కరలేదు అని కాగితం మీద తేల్చడమే ఆ బందోబస్తు. నేటి వాడుకలో ఆ అర్థం దాదాపు మరుగునపడింది. ఇప్పుడు బందోబస్తు అంటే లాఠీలతో, తాళ్లతో, వాహనాలతో పోలీసులు మోహరించడమే.

మొదటిది లెక్క తేల్చే అర్థం, రెండవది గుంపును అదుపు చేసే అర్థం. నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతంలో ఇటీవలి కాలపు రెండు ప్రధాన రైతు ఆందోళనలను పరిశీలిస్తే ఈ రెండర్థాల మధ్య దూరం స్పష్టంగా కనిపిస్తుంది. రైతులు తమకు రావలసిన లెక్క తేల్చమని అడిగారు. వారికి ఎదురైనది పోలీసు మోహరింపు. పోలీసుల పట్ల ప్రజలకున్న అవిశ్వాసాన్ని సాధారణంగా పోలీసుల ప్రవర్తనకు సంబంధించిన లోపంగా చర్చిస్తారు. లంచం, దురుసుమాట, లాకప్పులో దెబ్బలు దానికి కారణాలుగా చెబుతారు. అవి వాస్తవమైన కారణాలే. అయితే అవిశ్వాసానికి ఇంకా లోతైన మూలం ఉన్నది. ఇతర సంస్థలు తేల్చవలసిన తగాదాలను తేల్చక, ఆ వైఫల్యపు పర్యవసానాన్ని మాత్రం ఠాణాకు అప్పగించే పాలనా పద్ధతి అది. ఆ పద్ధతి ఎట్లా రూపుదిద్దుకున్నదో, ఆర్మూరులో అది ఎట్లా పనిచేసిందో, పునరాలోచన ఎక్కడ మొదలుకావాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తలారి, పోలీసు పటేలు, అమీను

తెలుగు నేలపై కావలి వ్యవస్థకు సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనాలలో కనిపించే ‘మహాతలవర’ ఉన్నతాధికారి బిరుదు. అదే పదం కాలక్రమంలో ‘తలారి’గా మారి ఊరి కావలివానికి పేరైంది. బిరుదు దిగివచ్చిన తీరులోనే ఒక చరిత్ర దాగి ఉన్నది. రాజ్యాధికారానికి చెందిన మాట ఊరిలో అట్టడుగు వృత్తికి చెందిన మాటగా మారింది. తలారి ఊరివాడు. ఊరి గుట్టుమట్టులు తెలిసినవాడు. ఆ కారణం చేతనే ఊరి పెద్దకు లోబడినవాడు కూడ.

ఆర్మూరు ప్రాంతం నిజాం సంస్థానంలో ఇందూరు జిల్లాకు చెందింది. ఇందూరు 1905లో నిజామాబాదుగా మారింది. అంతకు ముందు, 1865లో మొదటి సాలార్‌జంగు జిల్లాబందీ ద్వారా జిల్లా పాలనను పునర్వ్యవస్థీకరించాడు. ఆ సంస్కరణల క్రమంలో జిల్లాలకు వేరుగా పోలీసు శాఖ ఏర్పడింది. నగరంలో కొత్వాలు, జిల్లాలో మొహతెమీము, ఠాణాలో అమీను, అతని కింద జవానులు ఉండేవారు. ఊరిలో మాత్రం అధికారం వతనుదారుల చేతిలోనే కొనసాగింది. మాలీ పటేలు శిస్తు వసూలు చేసేవాడు, పట్వారి లెక్కలు రాసేవాడు, పోలీసు పటేలు శాంతిభద్రతలు చూసేవాడు. ఈ పదవులు వంశపారంపర్యమైనవి. ఊరిలో నేరం జరిగితే అమీనుకు కబురు పంపవలసినది పోలీసు పటేలే. అతడు పంపని కబురు ఠాణాకు చేరేది కాదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఫిర్యాదు ఎవరిది అనే ప్రశ్న కంటే, ఫిర్యాదును ఠాణా దాకా పోనిచ్చేది ఎవరు అనే ప్రశ్నకే ఆనాటి గ్రామంలో ప్రాధాన్యం ఉండేది. భూమి ఉన్న కుటుంబం చేతిలో పోలీసు పటేలుగిరీ ఉన్నప్పుడు, ఆ భూమిలో వెట్టి చేసేవాని ఫిర్యాదు పుట్టినచోటనే ఆగిపోయేది. తెలంగాణ గ్రామీణులకు ఠాణా తమ మొర వినే చోటుగా గాక, దొర మాట చెల్లే చోటుగా పరిచయమైంది. ఈ పరిచయమే తరువాతి తరాలకు సంక్రమించింది.

చట్టమే రాసిన అవిశ్వాసం

బ్రిటిషు పాలనలోని తెలుగు జిల్లాల అనుభవం వేరైనా, నేటి పోలీసు వ్యవస్థకు అచ్చు అక్కడే తయారైంది కనుక దానిని పరిశీలించక తప్పదు. శిస్తు వసూలుకు రైతులను చిత్రహింసల పాలుచేస్తున్నారనే ఆరోపణలపై మద్రాసు ప్రభుత్వం 1854లో ఒక కమిషన్‌ను నియమించింది. 1855లో వెలువడిన దాని నివేదిక ఆ ఆరోపణలు నిజమని ధ్రువపరచింది. ‘కిట్టి’, ‘ఆనందాల్’ అనే హింసాపద్ధతుల పేర్లు ఆ నివేదికలో నమోదైనాయి. శిస్తు వసూలు చేసే చేయి, నేరాన్ని విచారించే చేయి ఒకటే కావడం ఈ హింసకు ముఖ్య కారణమని తేలింది. రెవెన్యూ నుండి పోలీసును వేరుచేస్తూ 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. 1857 తిరుగుబాటు అనంతర పరిస్థితులలో, ఐర్లండులోని సాయుధ పోలీసు నమూనాను ఆదర్శంగా తీసుకొని 1861లో దేశవ్యాప్తంగా పోలీసు చట్టం చేశారు.

అదే 1861లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మరొక ముఖ్యమైన నిబంధన చేసింది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం న్యాయస్థానంలో చెల్లదని ఆ నిబంధన చెప్పింది. 1872 సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లుగా అది స్థిరపడింది. 2023లో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షనుగా నేటికీ కొనసాగుతున్నది. అంటే పోలీసును సృష్టించిన సంవత్సరంలోనే, ఆ పోలీసు చెప్పిన మాటను నమ్మరాదని ప్రభుత్వం తన చట్టంలో రాసుకున్నది. ప్రజల అవిశ్వాసం గురించి మాట్లాడే ముందు ప్రభుత్వానికే ఉన్న ఈ అవిశ్వాసాన్ని గుర్తించాలి. న్యాయస్థానంలో నమ్మదగని వ్యవస్థను వీధిలో మాత్రం సంపూర్ణంగా నమ్మి, దానికి లాఠీ, తుపాకీ, అరెస్టు అధికారం అప్పగించారు. ఆ పైన, నేరాంగీకారం ఆధారంగా వస్తువు దొరికితే ఆ మేరకు మాట చెల్లుతుందనే మినహాయింపు కూడ ఉంచారు. ‘రికవరీ’ కోసం సాగే హింసకు ఆ మినహాయింపు ఆస్కారమిస్తూనే వచ్చింది.

ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన 1902-03లో పనిచేసిన పోలీసు కమిషన్, ఈ వ్యవస్థ అసమర్థంగా ఉన్నదనీ, అవినీతికరమైనది, పీడించేది అనే పేరు ప్రజలలో పడిందనీ నిర్ధారించింది. నాలుగు దశాబ్దాల అనుభవం తరువాత పాలకులు తామే చెప్పుకున్న మాట ఇది. హైదరాబాదు సంస్థానం కూడ ఆ నమూనాకు దూరంగా నిలవలేదు. జిల్లాల కోసం 1329 ఫసలీలో, అంటే 1919-20లో, హైదరాబాదు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. నగరం కోసం 1348 ఫసలీలో మరొక చట్టం వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడ ఆంధ్ర ప్రాంతంలో 1859 చట్టం, తెలంగాణ జిల్లాలలో 1329 ఫసలీ చట్టం ‘ప్రాంతీయ’ చట్టాలుగా కొనసాగాయి. భాష ఒకటైంది, రాష్ట్రం ఒకటైంది, పోలీసు చట్టం మాత్రం రెండు పాత ప్రభుత్వాల వారసత్వంగానే మిగిలింది. ఆ రెండు ప్రభుత్వాలకూ సామాన్యమైన లక్షణం ఒకటే. రెండూ తాము పాలించే ప్రజలకు జవాబుదారీ కావు.

‘పోలీసు చర్య’ నుండి కల్లోలిత ప్రాంతం దాకా

తెలంగాణ స్మృతిలో ‘పోలీసు’ అనే పదం మరొక విశిష్టమైన సందర్భంతో ముడిపడి ఉన్నది. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో జరిపిన దాడిని అధికారికంగా ‘పోలీసు చర్య’ అన్నారు. నిరంకుశత్వం నుండి, రజాకార్ల నుండి విముక్తిగా దానిని చాలామంది స్వాగతించారు. నిజామాబాదు జైలులో బందీలైన దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి వంటి రచయితల తరానికి అది కొత్త కాలపు ఆరంభం. అయితే ఆ తరువాత కూడ సాయుధ పోరాట ప్రాంతాలలో బలగాల చర్యలు 1951 దాకా కొనసాగాయి. సైనిక చర్యకు పోలీసు పేరు పెట్టడం ఒక పరిభాషా సౌలభ్యం మాత్రమే కావచ్చు. అయినా రాజ్యం తన బలాన్ని ప్రయోగించిన ప్రతి సందర్భానికీ ‘పోలీసు’ అనేది సాధారణ నామమైపోవడానికి అది తోడ్పడింది.

1970ల చివర ఆర్మూరుకు పొరుగున ఉన్న జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో రైతుకూలీ ఉద్యమాలు బలపడినాయి. 1978లో ఆ తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కూలిరేట్లు, వెట్టి, బంజరు భూములు ఆ ఉద్యమాల ప్రధాన విషయాలు. వాటిని పరిష్కరించవలసినవి రెవెన్యూ, కార్మిక శాఖలు. ప్రకటన మాత్రం పోలీసు అధికారాలను పెంచింది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభపై జరిగిన కాల్పులలో 13 మంది మరణించినట్లు అధికారిక లెక్క చెప్పింది. అక్కడి మూల సమస్య కూడ భూమే.

ఇదే కాలంలో విచారణ సంఘాల చరిత్ర మొదలైంది. 1975లో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల మరణంపై తార్కుండే కమిటీ, ఆ తరువాత భార్గవ కమిషన్ విచారణ జరిపాయి. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణా ఉదంతంపై జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. నిందితులైన పోలీసులు తరువాత న్యాయస్థానంలో నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ ఒక మాట చెప్పడం, న్యాయస్థానం మరొక మాట చెప్పడం, ఊరు మూడవ మాట నమ్మడం అనే క్రమం అప్పటి నుండి స్థిరపడింది. ‘ఎన్‌కౌంటర్’ అనే ఆంగ్లపదం తెలుగులో క్రియగా మారిన తీరు దీనికి సాక్ష్యం. ఎన్‌కౌంటర్ జరిగింది అనడం మాని ‘ఎన్‌కౌంటర్ చేశారు’ అనడం మొదలైంది. అధికారిక ప్రకటన ఎదురుకాల్పులని చెబుతుండగా, వాడుకభాష కర్తను చేర్చి తన తీర్పు తాను చెప్పింది.

ఎర్రజొన్న: లెక్క తేలని ఒప్పందం

ఈ నేపథ్యంతో ఆర్మూరును చూడాలి. నాగపూరు, హైదరాబాదుల మధ్య సాగే 44వ జాతీయ రహదారి, నిజామాబాదు నుండి తూర్పుగా సాగే 63వ జాతీయ రహదారి కలిసే చోట ఈ పట్టణం ఉన్నది. చుట్టూ బాల్కొండ, వేల్పూరు, జక్రాన్‌పల్లి, మోర్తాడు, నందిపేట మండలాలలో పసుపు ప్రధాన వాణిజ్యపంట. యాసంగిలో ఎర్రజొన్న వేస్తారు. ఎర్రజొన్న ఇక్కడివారి తిండిగింజ కాదు. ఉత్తరాది రాష్ట్రాలలో పశుగ్రాసం కోసం విత్తనంగా అమ్ముడుపోయే పంట. విత్తన వ్యాపారి ముందుగా విత్తనం ఇస్తాడు, పంటను తానే తిరిగి కొంటానంటాడు. ఈ కొనుగోలు ఒప్పందాలు చాలావరకు నోటిమాట మీద, తెల్లకాగితం మీద నడిచేవి. పంట చేతికి వచ్చిన తరువాత వ్యాపారి ధర తగ్గించినా, డబ్బు ఎగవేసినా రైతుకు చూపడానికి గట్టి పత్రం ఉండదు. స్థానికంగా తినని పంట కనుక మరొకచోట అమ్ముకునే దారీ ఉండదు.

అటువంటి బాకీల కోసం 2008లో ఆర్మూరులో రైతులు ఆందోళనకు దిగారు. ఆందోళన అదుపు తప్పింది. ఆస్తి దహనం జరిగింది. పోలీసులు కాల్పులు జరిపారు. రైతుల మీద కేసులు నమోదైనాయి. దహనాన్ని ఆపడం పోలీసుల విధి అనడంలో సందేహం లేదు. ప్రశ్న అంతకు ముందటి నెలలకు సంబంధించినది. బాకీ ఎగవేత గురించి ఠాణాకు పోయిన రైతుకు ఈ దేశంలో సాధారణంగా వినిపించే జవాబు ‘ఇది సివిల్ తగాదా, కోర్టుకు పోండి’ అనేదే. చట్టప్రకారం ఆ జవాబు పూర్తిగా తప్పు కాదు. మొదటి నుండి మోసపు ఉద్దేశం ఉంటేనే ఒప్పంద భంగం నేరమవుతుంది. కాని సివిల్ న్యాయస్థానంలో వందలమంది చిన్నరైతులు విడివిడిగా దావాలు వేసి, స్టాంపు రుసుము కట్టి, సంవత్సరాల తరబడి తిరగగలరా? మార్కెట్ కమిటీ పరిధి ఎంత? విత్తన ఒప్పందాలను నమోదు చేయించవలసిన శాఖ ఏది? ఈ ప్రశ్నలకు జవాబు లేనిచోట రైతు రోడ్డు మీదికి వచ్చాడు. రోడ్డు మీదికి రాగానే తగాదా సివిల్ నుండి క్రిమినల్‌గా మారింది. బాకీ అడిగినప్పుడు దూరంగా నిలిచిన పోలీసు, బాకీ అడిగే పద్ధతి మారగానే దగ్గరికి వచ్చాడు. రైతు దృష్టిలో పోలీసు పక్షపాతి కావడానికి ఏ అధికారి దురుద్దేశమూ అవసరం లేకపోయింది. వ్యవస్థ పని విభజనే అందుకు చాలింది.

ఈ ఉదంతానికి తరువాతి భాగం మరింత ఆలోచింపజేస్తుంది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత, ఆ ఎర్రజొన్న బకాయిలను ప్రభుత్వమే రైతులకు చెల్లించింది. మొత్తం 10 కోట్ల రూపాయలకు పైబడినది. అంటే రైతులు అడిగినది న్యాయమైన బాకీయేనని ఆరేండ్ల తరువాత రాజ్యం అంగీకరించింది. ఆ చెల్లింపుకు ఏర్పాటు 2008లోనే సాధ్యమై ఉంటే కాల్పులకు సందర్భమే ఉండేది కాదు. ఖజానా నుండి సొమ్ము ఇవ్వడం రైతుకు ఊరట కలిగించింది గాని, ఒప్పందాలను నమోదుచేసి అమలుపరచే సంస్థను సృష్టించలేదు. లెక్క తేలింది, పద్ధతి తేలలేదు.

పసుపు: రహదారి నుండి బ్యాలెట్ దాకా

2019 ఫిబ్రవరిలో ఆర్మూరు మళ్లీ వార్తలలోకి ఎక్కింది. పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇప్పించాలనీ, పసుపు బోర్డు ఏర్పాటు చేయాలనీ రైతులు కోరారు. పసుపు కనీస మద్దతు ధర పంటల జాబితాలో లేదు. నేలలో ఎనిమిది తొమ్మిది నెలలు ఉండి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన తరువాత గాని మార్కెట్‌కు చేరని పంట అది. ఆనాటి మార్కెట్ ధర రైతులు అడిగిన ధరలో సగానికి లోపే ఉన్నది. జాతీయ రహదారులపై బైఠాయింపులు జరిగాయి. ప్రభుత్వం 144వ సెక్షను కింద నిషేధాజ్ఞలు విధించింది. ముందస్తు అరెస్టులు, అదుపులోకి తీసుకోవడాలు సాగాయి.

ఇక్కడ పాలనా నిర్మాణానికి చెందిన ఒక మార్పును గుర్తించాలి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో నిజామాబాదు పోలీసు కమిషనరేటుగా మారింది. సాధారణ జిల్లా విధానంలో నిషేధాజ్ఞలు జారీచేసేది రెవెన్యూ అధికారి హోదాలో ఉన్న ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు, అమలుచేసేది పోలీసు. కమిషనరేటు విధానంలో ఆ అధికారం సాధారణంగా కమిషనరుకే సంక్రమిస్తుంది. వేగం పెరుగుతుంది, నిజమే. కాని ఆజ్ఞ అవసరమా అని అడిగేవాడు, ఆజ్ఞను అమలుచేసేవాడు ఒకడే అవుతాడు. 1855 నివేదిక రెండు చేతులను వేరుచేయమన్నది. ఒకటిన్నర శతాబ్దం తరువాత వేరొక రూపంలో రెండు చేతులూ మళ్లీ ఒకటైనాయి. పంట ధర గురించి రైతులతో మాట్లాడగలిగిన రెవెన్యూ అధికారి వెనక్కి తగ్గి, ధర గురించి ఏమీ చెప్పలేని పోలీసు అధికారి ముందుకు రావడం దీని సహజ పరిణామం.

ఎండలో నిలిచిన కానిస్టేబుల్ పరిస్థితిని కూడ మరువరాదు. అతడు చాలా సందర్భాలలో అటువంటి రైతు కుటుంబం నుండి వచ్చినవాడే. రహదారి మీద అంబులెన్సు ఆగకుండా చూడవలసినవాడు. పసుపు ధరను పైసా పెంచే అధికారం లేనివాడు. రైతు కోపాన్ని భరించవలసిన బాధ్యత మాత్రం అతనిదే. ప్రభుత్వ విధానం మీది కోపం ఖాకీ దుస్తుల మీదికి మళ్లడం వలన రైతుతో పాటు కానిస్టేబుల్ కూడ నష్టపోయాడు.

రహదారి మూసుకుపోగా రైతులు మరొక దారి ఎంచుకున్నారు. 2019 ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గం నుండి 170 మందికి పైగా రైతులు ఒక్కొక్కరు ధరావతు కట్టి పోటీకి నిలిచారు. మొత్తం అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది. ఎన్నికల సంఘం ఒక్కొక్క పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లను అమర్చవలసి వచ్చింది. ఎన్నికల చట్టాన్ని అక్షరాలా పాటిస్తూ సాగిన నిరసన ఇది. గుమిగూడరాదని నిషేధాజ్ఞ చెప్పగలదు గాని, నామినేషన్ పత్రంపై పేర్లు గుమిగూడరాదని చెప్పలేదు. పోలీసుతో ఘర్షణకు తావులేని వేదిక దొరికినప్పుడు ఈ రైతులు దానిని ఎంత క్రమశిక్షణతో వాడుకున్నారో గమనిస్తే, వారిని శాంతిభద్రతల సమస్యగా చూడడం ఎంత పొరపాటో అర్థమవుతుంది. జాతీయ పసుపు బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వెలువడింది. 2025 జనవరి 14న నిజామాబాదులో అది ప్రారంభమైంది.

ఠాణా లేనిచోట ఎవరున్నారు?

పోలీసులను నమ్మని సమాజం ఖాళీగా ఉండదు. 1984 జనవరిలో అప్పటి ప్రభుత్వం పటేలు, పట్వారి వంటి గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. వంశపారంపర్య పెత్తనానికి అది చట్టబద్ధమైన ముగింపు. అయితే ఊరిలో తగాదా వినే చోటు ఏది అనే ప్రశ్న మిగిలింది. ఠాణా మండల కేంద్రంలో ఉన్నది, న్యాయస్థానం ఇంకా దూరం. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల గ్రామాలలో గ్రామాభివృద్ధి కమిటీలు గడించిన బలాన్ని ఈ ఖాళీతో కలిపి చూడాలి. ఈ కమిటీలు గుడులు కట్టించాయి, రోడ్లు వేయించాయి, బడులకు సాయపడినాయి. తగాదాలు త్వరగా, ఖర్చు లేకుండా తీర్చాయి. మరొకవైపు మద్యం అమ్మకాల వంటి హక్కులను వేలం వేశాయి, జరిమానాలు విధించాయి, మాట వినని కుటుంబాలను, కొన్నిచోట్ల మొత్తం కులాలను సాంఘికంగా బహిష్కరించాయి. బహిష్కృతులతో మాట్లాడినవారికీ, వారికి సరుకు అమ్మినవారికీ జరిమానా పడింది.

అటువంటి బహిష్కారానికి గురైన దళిత కుటుంబానికి మిగిలే దిక్కు ఠాణాయే. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో జరిగిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని స్పష్టంగా నేరంగా పేర్కొన్నది. ఆ చట్టం పనిచేయాలంటే ఊరి పెద్దలకు లొంగని పోలీసు కావాలి. పోలీసుపై అవిశ్వాసం గురించి చేసే చర్చ ఇక్కడ జాగ్రత్తపడాలి. పోలీసు అధికారాన్ని తగ్గించి ‘సమాజానికి’ అప్పగించాలనే సూచన, ఆ సమాజంలో బలవంతుడెవరో అడగకపోతే, పోలీసు పటేలును మరొక పేరుతో తిరిగి పిలిచినట్లవుతుంది. రైతుకు పోలీసు అతిగా దగ్గరై భయపెట్టాడు. బహిష్కృతునికి అతిగా దూరమై భయపెట్టాడు. రెండు భయాలకూ మూలం ఒకటే. పోలీసు ఎవరికి జవాబు చెప్పాలో ఈ వ్యవస్థ తేల్చలేదు.

చప్పట్లు విశ్వాసం కావు

ఈ వాదానికి ఒక అభ్యంతరం ఎదురుకావచ్చు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పులలో మరణించినప్పుడు ప్రజలు పోలీసులపై పూలు చల్లారు. ప్రజలకు పోలీసులపై విశ్వాసం లేదనడం ఎట్లా? సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. పోలీసుల కథనం నమ్మదగినది కాదనీ, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారనీ, పదిమంది పోలీసులను విచారించాలనీ ఆ కమిషన్ చెప్పింది. పూలు చల్లినవారు పోలీసుల దర్యాప్తును నమ్మి చల్లలేదు. దర్యాప్తు, విచారణ, శిక్ష అనే క్రమం తమ కాలంలో పూర్తికాదనే నిరాశతో చల్లారు. చట్టాన్ని దాటినందుకు పోలీసును మెచ్చుకోవడం చట్టం మీది అవిశ్వాసానికి మరొక రూపం. 2021 జూన్‌లో అడ్డగూడూరు ఠాణాలో దళిత మహిళ మరణించినప్పుడు ఈ విషయం తేటతెల్లమైంది. హద్దు దాటే చేయి ఎవరి మీద పడాలో చప్పట్లు కొట్టినవారు నిర్ణయించలేరు.

పునరాలోచన ఎక్కడ మొదలుకావాలి?

సంస్కరణ సూచనలకు ఈ దేశంలో కొరత లేదు. 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ 1981 నాటికి ఎనిమిది నివేదికలు ఇచ్చింది. అరెస్టులలో దాదాపు 60 శాతం అనవసరమైనవో, సమర్థించరానివో అని అది గుర్తించింది. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు నియమాలు విధించింది. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో ఏడు ఆదేశాలు ఇచ్చింది. దర్యాప్తును శాంతిభద్రతల పని నుండి వేరుచేయడం, అధికారులకు కనీసం రెండేండ్ల పదవీకాలం, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో పోలీసు ఫిర్యాదుల సంస్థలు వాటిలో ముఖ్యమైనవి. 2013లో లలితా కుమారి కేసులో, విచారణార్హమైన నేరం కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరి అన్నది. వాణిజ్య తగాదాలలో ముందుగా ప్రాథమిక విచారణ జరపవచ్చునని అదే తీర్పు చెప్పింది. 2020 డిసెంబరులో ఠాణాలలో సి.సి. కెమెరాలు అమర్చాలని ఆదేశించింది.

ఈ ఆదేశాలు అవసరమైనవే. ఇవన్నీ ఠాణా లోపలి ప్రవర్తనను సరిదిద్దేవి. ఆర్మూరు అనుభవం ఠాణా గడప బయట మరొక ప్రశ్న వేస్తున్నది. ఏ పని పోలీసు దగ్గరికి రావాలి, ఏ పని రాకూడదు? విత్తన ఒప్పందం నమోదు కావాలి. వ్యాపారి నుండి పూచీకత్తు తీసుకోవాలి. బాకీ తగాదా మార్కెట్ స్థాయిలోనే నిర్ణీత గడువులో తేలాలి. ఈ మూడూ ఉంటే 2008 సంఘటనలో పోలీసు పాత్ర చాలావరకు తగ్గేది. వాణిజ్య తగాదాలో లలితా కుమారి తీర్పు అనుమతించిన ప్రాథమిక విచారణ ఫిర్యాదును తిప్పిపంపే సాకు కాకూడదు. ఫలితాన్ని రాతపూర్వకంగా రైతుకు తెలిపే బాధ్యత కావాలి. నిషేధాజ్ఞ జారీచేసేవారు, అమలుచేసేవారు వేరుగా ఉండాలి. రైతు సభకు బందోబస్తు పంపే ముందు ఆ రైతుల విజ్ఞప్తికి సంబంధిత శాఖ ఏమి జవాబు చెప్పిందో నమోదు కావాలి. జిల్లా స్థాయి ఫిర్యాదుల సంస్థ కానిస్టేబుల్ మీది ఫిర్యాదునే గాక, ఠాణా ఫిర్యాదు తీసుకోలేదనే ఫిర్యాదును కూడ వినాలి. బహిష్కృత కుటుంబానికి అన్నిటికంటే అవసరమైనది అదే.

ముగింపు

తలారి ఊరి పెద్దకు లోబడినాడు. పోలీసు పటేలు దొరకు లోబడినాడు. అమీను సంస్థానానికి లోబడినాడు. 1861 నాటి పోలీసు వలస ప్రభుత్వానికి లోబడినాడు. స్వతంత్ర భారతంలో కానిస్టేబుల్ ఆనాటి ప్రభుత్వానికి లోబడి ఉన్నాడు. ఈ వరుసలో ఎక్కడా ఫిర్యాదుదారునికి జవాబు చెప్పవలసిన బాధ్యత స్పష్టంగా కనిపించదు. ప్రజల అవిశ్వాసం అపోహ కాదు. ఈ వరుసను తరతరాలుగా చూసినవారి అనుభవజ్ఞానం. దానిని ప్రచారంతో, స్నేహపూర్వక పోలీసు అనే నినాదంతో పోగొట్టడం సాధ్యం కాదు.

ఆర్మూరు రైతు కోరినది పోలీసు లేని లోకాన్ని కాదు. తన పంటకు, తన ఒప్పందానికి, తన బాకీకి ఒక లెక్క తేల్చమన్నాడు. శిస్తు కట్టవలసినప్పుడు ఆ లెక్కను బందోబస్తు పేరుతో సంస్థానం గజం వదలకుండా తేల్చింది. రైతుకు రావలసినది వచ్చినప్పుడు మాత్రం ఆ మాటకు అర్థం మారిపోయింది. పోలీసు వ్యవస్థపై పునరాలోచన ఆ మొదటి అర్థాన్ని తిరిగి పాలనలోకి తేవడంతో మొదలుకావాలి. మొదటి బందోబస్తు సకాలంలో జరిగినచోట రెండవ బందోబస్తు అవసరం తగ్గుతుంది. తప్పని చోట అది చట్టానికి లోబడి వస్తుందనే నమ్మకం కూడ అప్పుడే ఏర్పడుతుంది.